గాలికి పైసలెందుకియ్యాలె

మే నెలలో, లగ్గాల గిరాకీ మీదున్న రోజుల్లో, నా భార్య నడి మధ్యాహ్నం కుట్టు మిషన్ మీదికి ఒరిగిపోయింది. ఎవరో పెళ్ళికూతురి జాకెట్టు చేతి ముక్క సూది కింద అలాగే ఉండిపోయింది. ఆ సమయంలో నేను ముందు దుకాణంలో ఒక ముసలాయనతో చింతపండులో గింజల గురించి వాదిస్తున్నాను. వెనక గదిలో మిషన్ ఆగిపోయిన సంగతి ఆయనే ముందు గమనించాడు. "లోపట మిషన్ సప్పుడు బందయింది, జర చూడు సేటూ" అన్నాడు. నేను మాత్రం ఆయన బేరం తప్పించుకోవడానికి ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. మా ఇంట్లో పెంపకం అటువంటిది. ఎదుటివాడు ఆకాశం వైపు చూపించినా, మేము ముందు తరాజు వైపు చూస్తాం.

లక్సెట్టిపేటలో మాది కిరాణా దుకాణం. దాని వెనక రేకుల గది. అందులోనే ఆమె మిషన్, మా మంచాలు, అమ్ముడుపోని సబ్బుల పెట్టెలు. డాక్టరు సెలైన్ ఎక్కించి, ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చోవద్దని చెప్పాడు. చెప్పడం ఆయనకు సులువే. పెళ్ళిళ్ళన్నీ ఎండాకాలంలోనే వస్తాయి. ఎండాకాలం కుట్టనంటే, మిగతా ఏడాదంతా చిరుగులకు మాసికలు వేసుకుంటూ కూర్చోవాలి.

ఇంటికి వచ్చి మంచం మీద పడుకున్నాక ఆమె మెల్లగా ఒక మాట చెప్పింది.

"ఎట్లనన్న జాగ కొన్నవ్, ఇల్లు కడ్తనంటున్నవ్ గద. వచ్చే ఎండకాలం నడి పగటాల్ల నేను మిషన్ మీద కూసునేటట్టు ఒక్క అర్ర ఉండాలె. ఉంటె కుడ్త. లేకుంటె మిషన్ అమ్మేస్త."

"ఏసీ పెట్టిస్త" అన్నాను. భయంలో మనిషి ఎంత మాటైనా అంటాడు.

"ఏసీ ఏం జేసుకోను? నిమిషానికొకలు తలుపు తెరుస్తరు. కొల్తలిచ్చేటోళ్లు, తీస్కపోయేటోళ్లు. బజారును సల్లవెడ్తవా?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఏసీ తప్పిపోయిందన్న సంతోషం ముఖం మీద కనబడకుండా ఉండడానికి కొంచెం కష్టపడ్డాను కూడా. కానీ ఆమె మిషన్ అమ్మేస్తానన్నది బెదిరింపు కాదని నాకు తెలుసు. పెళ్ళయి వచ్చేటప్పుడు బెల్లంపల్లి నుంచి ఆ మిషన్‌ను తన ఒడిలో పెట్టుకున్నంత జాగ్రత్తగా వ్యానులో తెచ్చుకుంది. ఆమె బాపు బొగ్గు బావిలో పనిచేసి రిటైరై దిగిపోయినప్పుడు కొనిచ్చింది అది. దాన్ని అమ్మే మాట నోటి దాకా వచ్చిందంటే లోపల ఎప్పుడో నిర్ణయం అయిపోయిందన్నమాట.

చల్లటి ఇల్లు ఎవరు కడతారని వాకబు చేస్తే కరీంనగర్‌లో ఒక ఇంజనీరు ఉన్నాడన్నారు. అతని బోర్డు మీద ఆకు బొమ్మ ఉంది. ఆకు బొమ్మ చూడగానే నా చేయి జేబు మీదికి పోయింది. నా దుకాణంలో ఒకే కంపెనీ సబ్బు రెండు రకాలుగా వస్తుంది. ఒకదాని మీద ఆకు ఉంటుంది, రెండోదాని మీద ఉండదు. ఆకు ఉన్నదానికి ధర ఎక్కువ. లోపల ఉన్నది ఒకటే నురుగు. అదే కొని, ఇంటిల్లిపాదీ వేప చెట్టు కింద కూర్చుని స్నానం చేసినంత గర్వంగా పోతారు జనం. అలా అమ్మి బతికినవాణ్ణి, నన్ను ఆకుతో మోసం చేయడం కుదరదనుకున్నాను.

ఇంజనీరుకు పాతికేళ్ళు దాటి ఉండవు. అతని ఆఫీసుకు నాలుగు పక్కలా అద్దాలు. లోపల ఏసీ ఎంత పెట్టాడంటే, నా భార్య కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆ చలిలో కూర్చుని అతను మాకు సహజమైన గాలి గురించి చెప్పాడు.

"బేసిగ్గా ఇల్లు బ్రీత్ చెయ్యాలె అంకుల్. మనం ఇల్లు కడ్తలేం, భూమితోని రిలేషన్ పెట్టుకుంటున్నం."

భూమితో రిలేషన్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎప్పుడో పెట్టుకున్నాం, దానికి స్టాంపు ఖర్చు కూడా అయిందని చెప్పాను. అతను నవ్వలేదు. ఇటువంటి వాళ్ళకు నవ్వు ఫీజులో కలిపి ఉండదు.

నా భార్య మాత్రం సూటిగా అడిగింది. "తలుపు తెరిసే ఉంటది బిడ్డా. తెరిసి ఉన్నా సల్లగుంటదా?"

"ఉంటది ఆంటీ. స్లాబు మీద తెల్లగ చేద్దం, ఎండ వాపస్ పోతది. గోడ డొల్లగ కడ్తం. ఇటుకలను పండవెట్టకుంట, పక్కమీద నిలవెట్టి రెండు వరుసలు. మధ్యల ఖాళీ. గా ఖాళీల ఉన్న గాలి బయటి ఉడుకును లోపటికి రానియ్యది. దాన్ని ర్యాట్ ట్రాప్ అంటరు. ఇటుకలు సుత తక్వ వడ్తయి."

ఆమె ఆ మాటను చెవిలో పెట్టుకుంది. నా చెవిలో పడింది వేరే. ఇటుకలు తక్కువ పడతాయి అన్నది ఒక్కటే నాకు వినిపించింది. తక్కువ ఇటుకలు, తక్కువ సిమెంటు. భూమికి మేలు చేస్తే నా జేబుకు కూడా మేలు జరుగుతుందంటే ఇక భూమి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఫీజు దగ్గర మాత్రం మా వంశపు విద్య చూపించాను. ధర వినగానే ముఖం తిప్పుకుని లేచి, గుమ్మం వైపు నడిచాను. మా తాత దగ్గర నుంచీ ఇది పనిచేస్తోంది. గుమ్మం దాటేలోపు ఎవడైనా వెనక్కి పిలవాల్సిందే. ఈ పిల్లవాడు పిలవలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అద్దం తలుపు నా వెనక మెత్తగా మూసుకుంది. బయట ఎండలో కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళి, "గొడుగు మర్చిన" అన్నాను. నాకు గొడుగు లేదు. నా భార్య కుర్చీలోంచి కదలనే లేదు. "కూసో" అంది. కూర్చుని అతను చెప్పిందే ఇచ్చాను.

ఆమె మిషన్ గదిని ఇంటి వెనక తూర్పు వైపు పెడదామన్నాడు ఇంజనీరు. అది నేను ఒప్పుకోలేదు. మా జాగాకు బజారు పడమటి వైపుంది. గిరాకీ వచ్చేది బజారు నుంచే. దర్జీ గదిని ఇంటి వెనక పెట్టడమంటే దుకాణం బోర్డును తలుపు లోపలి వైపు తగిలించడమే. "అయితే ఆ పడమటి గోడ తప్పకుంట డొల్లగనే ఉండాలె అంకుల్, మధ్యాహ్నం ఎండంతా దాని మీదనే" అన్నాడతను. సరే అన్నాను. దాని పక్కనే, అదే బజారు వైపు, నా దుకాణం సరుకు దింపుకోవడానికి ఒక స్టోరు గది కూడా గీయించాను. బస్తాలు ఆటోలోంచి నేరుగా లోపలికి పడాలి కదా.

పని మొదలైంది. మేస్త్రి చర్చికి వెళ్ళే కుటుంబం వాడు, ఆదివారం పనికి రాడు. ఆదివారం కూలీ తగ్గించాలని అడిగితే, "ఆదివారం కూలీ మీరెప్పుడిచ్చిన్రు సేటూ, తగ్గిచ్చుటానికి?" అన్నాడు. అతనితో బేరం బాగుండేది. ఈ డొల్ల గోడ అతనికీ కొత్తే. ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని, దాన్ని ఇసుక కుప్ప మీద గుచ్చి, చూసి కట్టేవాడు. వీడియోలో మాట్లాడేది మలయాళం. మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ మనిషి ఇటుక పెట్టినట్టే మా మేస్త్రీ పెట్టాడు. లక్షలు పోసి కట్టే ఇంటికి ఇదీ పునాది విద్య అని నాలో నేను నవ్వుకున్నాను. ఫీజు తీసుకున్న ఇంజనీరు మాత్రం వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పంపేవాడు. కరీంనగర్ నుంచి ఆ బొటనవేలే మా గోడలను నిటారుగా నిలబెట్టిందనుకోవాలి.

మధ్యలో మా బావ వచ్చాడు. అక్క మొగుడు. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు ఉండి వచ్చి, అక్కడి కంపెనీ ఆఫీసు ఎలా ఉంటుందో అలాంటి ఇల్లు ఇక్కడ కట్టుకున్నాడు. ముందంతా నీలం అద్దం. ఎండాకాలం ఆ అద్దం ముందు దోశ పోయవచ్చు. అందుకని లోపల ఎప్పుడూ మందపాటి పరదాలు దించి, పట్టపగలు లైట్లు వేసుకుని, అన్ని గదుల్లో ఏసీలు తిప్పుకుంటూ, "వ్యూ ఉన్నది చూడు" అని పరదా కొంచెం తొలగించి చూపిస్తాడు. కనబడేది ఎదురింటి వాళ్ళ ఆరేసిన బట్టలు. కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు.

ఆయన మా గోడ దగ్గర నిలబడి చూసి, "ఇటుకలు గిట్ల నిలవెట్టిన్రేంది? పైసలు తక్వ వడ్డయా బామ్మర్దీ? అడుగుతె నేనియ్యనా?" అన్నాడు.

"గిది పర్యావరణం బావా" అన్నాను.

"గదే అంటున్న. పర్యావరణం పెట్టుకున్నోళ్లంతా పైసల్లేనోళ్లే."

ఆయన వెళ్ళాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆయన మీద కోపంతో కాదు. మూడొంతుల ఊరు మా ఇంటిని చూసి అదే అనుకుంటుందన్న అనుమానంతో. దుకాణదారుకు అప్పులున్నా ఫరవాలేదు, ఉన్నట్టు కనబడకూడదు.

ఇంతలో బెల్లంపల్లిలో మా అత్తకు కంటి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి నా భార్య వెళ్ళింది. వెళ్ళేముందు మేస్త్రికి, "గోడ డొల్లగనే ఉంచు తమ్మీ" అని చెప్పే వెళ్ళింది. ఆమె లేని ఆ రోజుల్లోనే ఒక పొద్దున మా బాపు పని చూడడానికి వచ్చాడు.

మా బాపు యాభై ఏళ్ళు దుకాణంలో కూర్చున్న మనిషి. దేన్నైనా వేలి కణుపుతో కొట్టి చూస్తేగానీ నమ్మడు. కొబ్బరికాయ, కర్బూజా, నూనె డబ్బా, కొత్తగా వచ్చిన కొలత గిన్నె అడుగు, అన్నీ కొడతాడు. ఎంగేజ్‌మెంట్ నాడు మా ఇంట్లో దించిన ఇత్తడి సామాను కూడా ఒక్కొక్కటీ కొట్టి చూశాడని మా అత్తగారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గోడ దగ్గరికి వచ్చి కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. ఇంకోచోట కొట్టాడు.

"ఏందిరా ఇది, లోపట ఏం లేదు?"

"ఖాళీ బాపూ. కావాలనే ఉంచిన్రు. ర్యాట్ ట్రాప్ అంటరు."

"అంటే?"

"ఎలుకల బోను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా బాపు జీవితమంతా ఎలుకలతో పోరాడాడు. పప్పుల బస్తాలకు, చక్కెర బస్తాలకు, ఒకసారి గల్లా పెట్టెలో నోట్లకు కూడా ఎలుకలు పడ్డాయి. ఆయన ముఖం నల్లబడింది.

"ఎలుకలకు ఇల్లు కట్టిచ్చి, మనుషులను కిరాయికి పెడ్తున్నవారా? రేపు పిల్లలు పుట్టి తరాలు గడుస్తయి గోడల. నువ్వు మందు ఏడ పెడ్తవ్?"

"నోరు మూసి ఉంటది బాపూ, లోపటికి పోరాదు."

"అయితె గాలే ఉన్నదన్నట్టు. మరి గోడ కూలి లెక్క దేనికి కడ్తున్నవ్? బయట కొలిచి ఇస్తున్నవ్ గద మేస్త్రికి? లోపల సరుకు లేదు. గాలికి పైసలెందుకియ్యాలె?"

ఈ ఒక్క ప్రశ్న నా నెత్తి మీద గుండు పెట్టి కొట్టినట్టు పడింది. మేస్త్రికి కూలీ గోడ బయటి కొలత మీద మాట్లాడుకున్నాను. మానిక నిండా ధర తీసుకుని, లోపల బోలుగా పోసినవాణ్ణి మా బజారులో ఏమంటారో నాకు తెలుసు. ఇన్ని రోజులు నా కళ్ళ ముందే తూకం తక్కువ జరుగుతుంటే, దాన్ని పర్యావరణం అని పిలుచుకుంటూ నిలబడ్డానా? సిగ్గు, కోపం ఒకేసారి వచ్చాయి. ఇంజనీరు చెప్పిన గాలి ముచ్చట, నా భార్య వెళ్ళేముందు చెప్పిన మాట ఎక్కడికి పోయాయో. ఆ రెండింటి మీదా మా బాపు వేలి కణుపు పడింది.

మేస్త్రిని పిలిచాను. అతను ఇసుక దులుపుకుంటూ వచ్చాడు.

"గీ ఖాళీ నింపాలె."

"దేంతోని?"

"మొరం మట్టి ఉన్నది. కొట్టిన ఇటుక ముక్కలున్నయి. మిగిలిన సిమెంటు మాలు ఉన్నది. పొయ్యి."

"మీ ఇంటామె డొల్లగ ఉంచుమని చెప్పింది సేటూ. ఇంజనీరు సారు సుత చెప్పిండు."

"ఇంజనీరు సారు పైసలిస్తుండా, నేనిస్తున్ననా?"

మేస్త్రి గోడను చూశాడు, మా బాపును చూశాడు. అతనికి ఇది తన ఇల్లు కాదు. "పొయ్యమంటె పోస్త. కాని దానికి కూలి వేరే."

ఇక్కడ నేను నా జీవితంలోకెల్లా గొప్ప బేరం చేశాను. కూలీ వేరే ఇవ్వనన్నాను. ఇంత పెద్ద పని ఇచ్చినవాడికి కొసరు ఇవ్వవా అన్నాను. మా దుకాణంలో పావుకిలో బెల్లం కొన్నవాడికి కూడా చిటికెడు కొసరు వేస్తాం, నువ్వు గోడ మొత్తానికి ఇవ్వలేవా అన్నాను. పనివాళ్ళకు చాయ, సమోసా పంపించాను. అరగంట వాదించాక అతను తల ఊపాడు. పైకి కట్టిన గోడలన్నింట్లో ఖాళీలు నింపుతూ పోయాడు. పడమటి గోడ మొదటిది. మొరం, ఇటుక ముక్కలు, మాలు గట్టిగా కూరి, పైన మూశారు. సాయంత్రం మా బాపు వచ్చి మళ్ళీ కొట్టాడు. "ఇప్పుడు గోడ" అన్నాడు. మేమిద్దరం గోడను కాసేపు చూసి మెచ్చుకున్నాం. గాలికి ఒక్క పైసా ఇవ్వలేదు.

చివరికి మిగిలింది స్టోరు గది. అప్పటికి మేస్త్రికి విసుగు వచ్చింది. "ఇగ నాతోని గాదు సేటూ. కొసరు ఒకసారి ఏస్తరు, రోజూ ఎయ్యరు. దీనికి పైసలియ్యాలె" అన్నాడు. అది మనుషులుండే గది కాదు. బస్తాలకు గట్టి గోడ ఎందుకు? ఎలుకలొస్తే పిల్లిని పెంచుకుంటాం. ఇవ్వనన్నాను. ఆ ఒక్క గది గోడలు బోలుగా ఉండిపోయాయి.

నా భార్య బెల్లంపల్లి నుంచి వచ్చేసరికి సిమెంటు పూత కూడా అయిపోయింది. ఆమె వచ్చి గోడను చూసింది. మా బాపు పక్కనే నిలబడి గొప్పగా చెప్పాడు.

"డొల్ల తీసేయించిన బిడ్డా. లేకుంటె మోసపోతుంటిమి."

ఆమె మామగారు వెళ్ళేదాకా ఆగి నా వైపు తిరిగింది.

"ఖాళీ ఉంచుమన్నదే సల్లగుండుటందుకు గద?"

"స్లాబు మీద తెల్లగ చేసినం. కిటికీలు పెద్దగ పెట్టినం. సల్లగనే ఉంటది."

"పగిలిన తెల్ల టైల్సు దుకాణపాయన ఫ్రీగ ఇచ్చిండని పైన పెట్టిచ్చినవ్. అది నాకెర్కే. గోడ గురించి అడుగుతున్న."

దుకాణంలో జవాబు లేనప్పుడు చిల్లర లెక్కపెట్టుకుంటాం. ఇక్కడ లెక్కపెట్టడానికి ఇటుకలు కూడా కనబడడం లేదు.

గృహప్రవేశానికి ఊరంతా వచ్చారు. ఈ మధ్య మా వైపు కొత్త ఇల్లు చూసేవాళ్ళంతా పర్యావరణ నిపుణులే. ఒకాయన స్లాబు ఎక్కి తెల్లగా ఉందని కళ్ళు చిట్లించి, "గిది భూమిని కాపాడుతది" అని భూమి తరఫున నాకు వందనం చేశాడు. ఆయన తన ఇంటి ముందున్న రెండు వేప చెట్లను కారు షెడ్డు కోసం కొట్టించినవాడు. ఇంకొకాయన వాన నీళ్ళ ఇంకుడు గుంత చూసి, అందులో చేపలు పెంచవచ్చా అని అడిగాడు. మా బావ సోలారు పలకలు ఎందుకు పెట్టలేదని అడిగి, పెట్టినవాడు ఎవడూ బాగుపడలేదని తనే చెప్పాడు. వాళ్ళందరి మధ్యలో నేను చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "మన వంతుగా ఏదో" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే ఆకు బొమ్మ ఉన్న సబ్బులా వినిపించింది.

తర్వాత ఎండాకాలం వచ్చింది. మార్చి నెల బాగానే గడిచింది. ఇల్లు చల్లగా ఉందని నేను నలుగురికీ చెప్పుకున్నాను. మార్చిలో ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. ఏప్రిల్ దాటేసరికి పడమటి గోడ నిజరూపం చూపించింది. పొద్దున ఏమీ లేనట్టు ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక దాని మీద చెయ్యి పెడితే పెనం అంచు ముట్టుకున్నట్టు ఉంటుంది. గట్టిగా కూరిన మొరం, ఇటుక ముక్కలు ఆ వేడినంతా లోపల దాచుకుని, గిరాకీ వచ్చే వేళకు తీసి పంచేవి. దాచుకోవడం, అసలు వేళకు బయటపెట్టడం. నాకు బాగా తెలిసిన వ్యాపారమే.

ఆమె ఒక వారం ప్రయత్నించింది. తలకు తడి గుడ్డ కట్టుకుని కూర్చుంది. ఫ్యాను గుడ్డ ముక్కలను ఎగరగొడుతుంది, ఆపితే చెమట చుక్కలు పట్టుబట్ట మీద పడతాయి. ఒక పెళ్ళి జాకెట్టు మీద చెమట మరక పడింది. ఆ రోజు ఆమె తడి గుడ్డ విప్పి దండెం మీద వేసింది. ఫోన్ తీసుకుని ఎవరితోనో మాట్లాడింది. నాతో ఒక్క మాటే చెప్పింది.

"రేపు మిషన్ చూసుకోడానికొస్తరు."

నేను ఏసీ అన్నాను. ఆమె నా ముఖం కూడా చూడలేదు. గోడ పగలగొట్టి మళ్ళీ కట్టిస్తానన్నాను. "ఎవర్ని కొసరు అడుగుతవ్?" అంది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఒక చిన్న వయసు అమ్మాయి వచ్చింది. పక్క ఊరు. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, ఇంట్లో కూర్చుని కుట్టు నేర్చుకుంటోంది. చంకలో ఏడాది పాప. మిషన్ గదిలోకి రాగానే ఆ పాప ఏడుపు మొదలుపెట్టింది. మిషన్ ఇనుప చట్రం ముట్టుకుంటే వేడిగా తగిలింది. నేను అన్నం తింటున్న పళ్ళెం వదిలి లేచాను. అమ్మడమంటూ ఉంటే ధర నేను చూసుకోవాలి కదా. మనసులో ఎంత బాధ ఉన్నా నా నోరు తన పని తాను చేసుకుపోతుంది.

"పాత మాల్ అని తక్వ చెయ్యకు బిడ్డా. గిప్పటి మిషన్లల్ల గీ ఇనుము రాదు" అన్నాను.

"నువ్వు పో, తిను" అంది నా భార్య. ఆ అమ్మాయితో, "పాప పరేషాన్ అయితుంది. ఆ స్టోరులకు నూకుదాం, ఆడ నడిపి చూపిస్త" అంది.

ఇద్దరూ మిషన్‌ను గుమ్మం మీదుగా ఈడ్చుకుంటూ స్టోరు గదిలోకి తీసుకుపోయారు. చక్కెర బస్తాలు, పప్పుల బస్తాలు ఒక పక్కకు జరిపి జాగా చేసుకున్నారు. బజారు వైపు తలుపు తెరిచి పెట్టారు, వెలుతురు కోసం. నేను పళ్ళెం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె కూర్చుని, ఒక పేలిక ముక్క తీసుకుని సూటిగా ఒక కుట్టు వేసి చూపించింది. తర్వాత ఆ మరక పడ్డ జాకెట్టు కాకుండా, ఇంకొకటి, భుజాలు కలపాల్సింది తీసుకుంది. భుజాలు కలిపింది. చేతి ముక్క పెట్టింది. ఆ అమ్మాయి బస్తా మీద కూర్చుంది. పాప ఏడుపు మానేసి చక్కెర బస్తా కుట్టులోంచి బయటికి వచ్చిన పీచు లాగుతోంది. మిషన్ నడుస్తూనే ఉంది.

"అక్కా, చూసిన. మంచిగనే నడుస్తుంది."

"జర ఆగు. గీ చెయ్యి అయిపోనియ్."

ఆ చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి పెట్టింది. ఆ అమ్మాయి గోడకు వీపు ఆనించి కూర్చుని, మళ్ళీ గోడను తడిమి చూసింది. "గిక్కడ సల్లగున్నదేందక్కా? రెండు అర్రలు అదే ఎండకున్నయి గద."

నా భార్య అప్పుడు తలెత్తి గోడ వైపు చూసింది. తర్వాత నా వైపు. వేలి కణుపుతో గోడ మీద ఒకసారి కొట్టింది. బోలు చప్పుడు వచ్చింది. నేను పళ్ళెంలో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాను, అప్పటికే కలిపి ఉన్న అన్నాన్ని.

"నువ్వు అమ్మేటట్టు లేవక్కా" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

"లేను బిడ్డా. ఎండల తిప్పిన, ఏమనుకోకు. నీకు కుట్టుడు నేర్చుకోవాలనుంటె గీడికే రా. రేపటి నుంచి ఈడనే ఉంట." పాప చేతిలోంచి పీచు తీసుకుని, దారంతో ఒక చిన్న కుచ్చు కట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక నా వైపు తిరగకుండానే, "నీ బస్తాలు తియ్యి" అంది.

ఆ సాయంత్రమే బస్తాలన్నీ మిషన్ ఉండిన ముందు గదికి మారాయి. ఇంత డబ్బు పోసి, ఆకు బొమ్మ ఉన్న ఇంజనీరుతో గీయించి కట్టించిన గదిలో ఇప్పుడు పల్లీలు, పప్పులు ఉంటాయి. బెల్లం ముద్దలు మధ్యాహ్నానికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. సరుకు దింపే గదిలో నా భార్య కూర్చుని ఊరి పెళ్ళికూతుళ్ళకు జాకెట్లు కుడుతుంది. గిరాకీ బజారులోంచి నేరుగా లోపలికి వస్తుంది. వచ్చినవాళ్ళు కొలతలిచ్చాక కూడా లేవరు. చల్లగా ఉందని కూర్చుంటారు. మా బావ కూడా రెండుసార్లు వచ్చి, అక్క జాకెట్టు అయిందా అని అడిగి, అయినా కాకపోయినా గంట కూర్చుని వెళ్ళాడు. ఇంటి ఎకో గొప్పతనం గురించి నన్ను ఎవరూ అడగడం లేదు. అడిగితే ఏ గది చూపించాలో నాకూ తెలియదు.

లగ్గాలు ముమ్మరంగా ఉన్న ఒక మధ్యాహ్నం దుకాణం బాపుకు అప్పగించి అన్నానికి ఇంటికి వచ్చాను. తిన్నాక ముందు గదిలో బెల్లం వాసన మధ్య ఒక నిమిషం కూడా ఉండలేకపోయాను. వెళ్ళి స్టోరు గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం గావాలె?" అంది మిషన్ మీది నుంచి చూపు ఎత్తకుండా.

"ఏం లేదు. జర సల్లగుంటదని."

"ఉత్తగ కూసుండేటోళ్లకు జాగ లేదు. గా జాకెట్లకు హుక్కులు కుట్టాలె. వస్తదా?"

రాదని చెప్పడం ఎందుకని సరే అన్నాను. సూది, దారం ఇచ్చింది. కింద చాప మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. బయట తారు రోడ్డు మీద గాలి వణుకుతున్నట్టు కనబడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా లోపల హాయిగా ఉంది. మొదటి జాకెట్టు పూర్తి చేసి, మర్యాదగా మడిచి ఆమె ముందు పెట్టాను.

ఆమె మిషన్ ఆపి, ఒక హుక్కు పట్టుకుని లాగింది. అది ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. రెండోది లాగింది. అదీ వచ్చింది.

"ఎన్ని చుట్లు తిప్పినవ్?"

"పట్టుకుంటదనుకున్న."

"దారం మిగులుతదనుకున్నవ్" అని జాకెట్టు నా ఒళ్ళోకి విసిరి, మళ్ళీ మిషన్ తొక్కింది. నేను హుక్కులన్నీ విప్పి, మొదటి నుంచి కుట్టడం మొదలుపెట్టాను.